సంక్రాంతి సెలవుల్లో గోదారి పక్కన రెండు రాత్రులు టెంట్‌లో: ఇంట్లోవాళ్ళ కోసం చిన్న చిన్నవి ఏం పట్టుకెళ్ళాలి?

భీమవరం అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. ముక్కనుమ మర్నాడు బయల్దేరి మా పెదనాన్నగారి కొబ్బరితోటలో రెండు రాత్రులు టెంట్లు వేసుకుని ఉందామని అనుకుంటున్నాం. తోట సఖినేటిపల్లి దాటి అంతర్వేది వైపు వెళ్ళే దారిలో, వశిష్ట గోదావరి పక్కనే. కారు గట్టు మీద వరకే వెళ్తుంది, అక్కణ్ణుంచి తోటలోకి సామానంతా చేతుల్లో మోసుకుపోవాలి, కాబట్టి డిక్కీ నిండా కుక్కుకుని పోయే పద్ధతి కుదరదు.

మేం మొత్తం ఆరుగురం. మా వారు, నేను, బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగేళ్ళు, మా అత్తయ్యగారు, మావయ్యగారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవడం కష్టం. మావయ్యగారికి తెల్లారగట్ల ఐదింటికి కాఫీ పడకపోతే ఆ రోజంతా తలనొప్పి. టెంట్లు, చిన్న గ్యాస్ పొయ్యి, గిన్నెలు, మంచినీళ్ళ క్యాన్లు, టార్చిలైట్లు, మందుల డబ్బా ఇవన్నీ చూసుకున్నాం, వాటి గురించి టెన్షన్ లేదు. నేను అడిగేది ఆ తర్వాత సంగతి. ఇంట్లో ఉన్నట్టు కాస్త హాయిగా అనిపించే చిన్న వస్తువులు, మధ్యలో నోట్లో వేసుకోడానికి మంచి చిరుతిళ్ళు, పిల్లలు డీలా పడినప్పుడు బయటికి తీయడానికి ఏదో ఒకటి. మా వారైతే రెండు రోజులే కదా, ఎలాగోలా గడిచిపోతుంది అంటున్నారు. ఎలాగోలా గడవడం నాకు ఇష్టం లేదు. అత్తయ్యగారు ఆరుబయట పడుకుని ఎన్నేళ్ళయిందో, మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అని ఆవిడే అడగాలి అన్నది నా కోరిక. మీరు పట్టుకెళ్ళి బాగా పనికొచ్చినవి చెప్పండి.

పాలకొల్లు పిన్ని:

అమ్మాయ్, నువ్వు మంచి రోజులు చూసుకున్నావు, పండగ వెళ్ళిన వెంటనే అంటే సగం పని అయిపోయినట్టే. అరిసెలు, జంతికలు, సున్నుండలు, పప్పుచెక్కలు ఎలాగూ ఇంట్లో డబ్బాల నిండా ఉంటాయి, వేరే కొనక్కర్లేదు. పోకుండలు ఉంటే మొదటి రోజే తినేయండి, అరిసెలు, సున్నుండలు చాలా రోజులు నిలవుంటాయి కాబట్టి వాటిని రెండో రోజుకి ఉంచు. గారెలు మాత్రం మూటగట్టకు, ఏ పూటవి ఆ పూటే బాగుంటాయి.

నేను మా వాళ్ళతో ఎక్కడికి వెళ్ళినా ముందు వస్తువుల పేర్లు రాసుకోను. రోజులో ఏ గంటకి ఎవరికి కష్టం అనిపిస్తుందో అది ఆలోచిస్తాను, ఆ గంటకి ఒక్కటి చొప్పున పెడతాను. మీ ఇంట్లో సంగతే చూడు. సాయంత్రం దీపాల వేళ చీకటి పడుతుంటే పాపకి ఇల్లు గుర్తొస్తుంది, అప్పుడు దానికి రోజూ పాలు తాగే సొంత గ్లాసు, రోజూ కప్పుకునే దుప్పటి ఉండాలి, కొత్తవి కొనిస్తే ఆ సమయానికి పనికిరావు. రాత్రి రెండింటికి చలేస్తుంది, అది పెద్దవాళ్ళ గంట. తెల్లారగట్ల ఐదు మీ మావయ్యగారిది. మధ్యాహ్నం మూడింటికి పిల్లలిద్దరూ ఆడి ఆడి విసిగి కొట్టుకుంటారు, అక్కడ ఒక తీపి పడాలి. ఇలా చూసుకుంటే నీకు కావాల్సినవి ఒక సంచిలో పట్టేస్తాయి.

రాత్రి చలికి వేడినీళ్ళ రబ్బరు సంచి ఒకటి పెట్టుకో. పడుకునే ముందు పది నిమిషాలు అత్తయ్యగారి పక్కలో ఉంచి, తర్వాత మోకాళ్ళ దగ్గర పెట్టు. జనవరిలో మన వైపు చలి మరీ వణికించేంత కాదు కానీ గోదారి పక్కన మంచు బాగా పడుతుంది, ఆ తేమకి పక్కంతా చల్లబడిపోతుంది. అందరికీ ఒక జత సాక్సు పడుకునేటప్పుడు వేసుకోడానికి విడిగా పెట్టు, పగలు వేసుకున్నవి కాదు. అవి కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచితేనే రాత్రికి పొడిగా ఉంటాయి.

కాఫీకి బయల్దేరే ముందు ఇంట్లోనే చిక్కగా డికాక్షన్ తీసి సీసాలో పోసుకో. పాలు మాత్రం ఫ్రిజ్ అక్కర్లేని చిన్న ప్యాకెట్లు తీసుకో, పెద్దది విప్పితే మిగిలింది పాడవుతుంది. రాత్రి పడుకునే ముందు ఫ్లాస్కు నిండా మరిగే నీళ్ళు పోసి ఉంచితే ఐదింటికి చీకట్లో ముందు పొయ్యి వెతుక్కునే పని లేదు. ఆ డికాక్షన్ మర్నాటి పొద్దుటి వరకే, రెండో పొద్దుటికి చిన్న ఫిల్టరు, పొడి పట్టుకెళ్ళు. ఈ చిక్కెందుకు, ఇన్‌స్టంట్ పొడి చాలు అనేవాళ్ళున్నారు కానీ, ఏళ్ళ తరబడి ఫిల్టరు కాఫీ తాగిన మనిషికి ఆ రుచే సగం ఇల్లు.

ఒక్కటి మర్చిపోకు. కాఫీకీ పప్పుకీ మంచినీళ్ళే వాడు. సముద్రం దగ్గర బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, కాఫీ నోట్లో పెట్టలేం, కందిపప్పు ఎంతసేపైనా ఉడకదు.

లంక రైతు:

ఆయ్, మాదీ ఆ పక్కనేనండి. తిండి సంగతి పిన్నిగారు చెప్పేశారు, నేను పడక సంగతి చెప్తాను. పడక బాగుంటే మిగతావన్నీ వాటంతట అవే బాగుంటాయండి.

సార్వా కోతలు, నూర్పులు అయిపోయాయి కాబట్టి ఈ రోజుల్లో కొత్త వరిగడ్డికి కొదవ లేదు. మీ పెదనాన్నగారితో ముందే చెప్పి రెండు మోపులు తోటలో వేయించుకోండి. మీరు వెళ్ళగానే దాన్ని కాసేపు ఎండలో పరిచి, కర్రతో బాగా దులిపి, జానెడు మందాన పరవండి. దాని మీద టార్పాలిన్, దాని మీద టెంటు. లోపల మామూలు చాప, బొంత వేసుకుంటే చాలు, గాలి పరుపులు ఊదుకునే పని ఉండదు, అవి రాత్రి మధ్యలో గాలి దిగిపోతే వీపు నేలకి తగులుతుంది. గడ్డి కింద నుంచి వచ్చే చెమ్మనీ చలినీ ఆపుతుంది. మా పాకల్లో చలికాలం పశువుల కింద కూడా అదే వేస్తామండి. పాత గడ్డి, వానకి తడిసిన గడ్డి మాత్రం వద్దు, ముక్కిపోయి ఉంటుంది, పురుగూ పుట్రా చేరి ఉంటాయి. గడ్డి ఉన్న చోటుకి పొయ్యి, చలిమంట బాగా దూరంగా, గాలి వాటం చూసి పెట్టుకోండి.

టెంటు ఎక్కడ వేస్తారో కూడా చెప్పాలండి. కొబ్బరిచెట్టు కింద నీడ చల్లగా ఉందని అక్కడే వేసేస్తారు చాలామంది, కాయ గానీ ఎండుమట్ట గానీ పడితే ప్రాణం మీదకి వస్తుంది. వెళ్ళే ముందు కాయల దింపు చేయించమనండి, ఎండిన మట్టలు, గెలలు కూడా లాగించేయమనండి, అప్పటికీ చెట్ల మధ్య ఖాళీ చూసుకునే వేయండి. దింపు వాళ్ళు వచ్చిన రోజే రెండు గెలలు బొండాలు విడిగా దించి నీడలో పెట్టించుకుంటే ఉన్నన్నాళ్ళూ మీకు కూల్‌డ్రింకులు మోసే పని లేదు. లేత కొబ్బరి పిల్లలు గీరుకుని తింటారు. మొలకెత్తిన కాయలు ఒక నాలుగు ఏరించి పెట్టమనండి, లోపల కొబ్బరి పువ్వు ఉంటుంది, మీ అత్తయ్యగారు చిన్నప్పుడు తినే ఉంటారు, ఇప్పుడు చేతికిస్తే ఆ సంతోషం వేరండి.

ఆ పక్క గోదారి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర కాబట్టి నీళ్ళు పోటుకి ఎక్కుతాయి, పాటుకి దిగుతాయి, రోజుకి రెండుసార్లు. అమావాస్యకీ పున్నమికీ ఇంకాస్త పైకి వస్తాయి. పగలు పొడిగా కనిపించిందని ఇసుక మీద టెంటు వేయకండి, గట్టుకి ఇవతల తోటలోనే ఉండండి. పిల్లల్ని నీళ్ళ దగ్గరకి ఒంటరిగా పంపకండి, అక్కడ ఒడ్డు బురదగా ఉండి కాలు దిగబడుతుంది.

కొబ్బరితోటల్లో ఎలుకలు ఎక్కువండి, చెట్టెక్కి కాయలే కొట్టేస్తాయి, మీ ప్లాస్టిక్ సంచులు వాటికి ఒక లెక్క కాదు. తినేవన్నీ స్టీలు డబ్బాల్లో, మూత గట్టిగా పట్టేవాటిలో ఉంచండి, టెంట్ లోపల తినేవి పెట్టుకోకండి. తీపి డబ్బా నీళ్ళు పోసిన పళ్ళెంలో పెడితే చీమ పట్టదు. ఆ పళ్ళెం ఒక్కటి తోడు ఉంచుకోండి.

దోమలకి మునిమాపు వేళే కష్టం. కొబ్బరి పీచు ముట్టించి మీద పచ్చి వేపాకు వేస్తే పొగ బాగా వస్తుంది, గాలి ఎటు నుంచి వీస్తుందో అటు పెట్టాలి. చేతులకీ కాళ్ళకీ ఓడోమాస్ రాయండి. అంతే కానీ దోమల బిళ్ళ గానీ చుట్ట గానీ కుంపటి గానీ టెంట్ లోపలకి తేకండి. చలి అని నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని జిప్పు వేసేసుకుంటే ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది, ఇది నేను గట్టిగా చెప్తున్నానండి. పురుగూ పుట్రా దూరకుండా టెంటు జిప్పు పగలు కూడా వేసే ఉంచండి, చెప్పులు దులుపుకుని వేసుకోండి. ఏదైనా పురుగు కుట్టినా పాము కాటైనా కట్లు కట్టడాలు, కోయడాలు లేకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవడమే.

రాజోలు టీచరమ్మ:

పిల్లల గురించి రెండు మాటలు. ఇద్దరికీ చెరో చిన్న టార్చి ఇవ్వండి, అది వాళ్ళదే, ఎవరూ అడగకూడదు. నాలుగేళ్ళ పిల్లకి చీకటంటే భయం కంటే చీకట్లో తన చేతిలో ఏమీ లేదన్నదే ఎక్కువ భయం. దాని వెలుగులో టెంటు గుడ్డ మీద చేతుల నీడలతో కుందేలు, పక్షి చేసి చూపిస్తే గంట గడుస్తుంది.

ఆటలకి పెట్టెలు మోయకండి. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతపిక్కలు ఉంటే అష్టాచెమ్మా. గళ్ళు నేల మీద ముగ్గుతో గీసుకోవచ్చు. అన్నట్టు ముగ్గు పిండి ఒక చిన్న పొట్లం తప్పకుండా పట్టుకెళ్ళండి, ఇది నిజానికి మీ అత్తయ్యగారి కోసం. నెల్లాళ్ళుగా పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టిన చెయ్యి, ఆ రెండు పొద్దులూ ఊరికే కూర్చోమంటే తోచదు. టెంట్ ముందు కాస్త నేల చదును చేసి నీళ్ళు చల్లి పెట్టండి, వంగడం కష్టమైతే ఆవిడ పక్కన కూర్చుని చెప్తుంటే పాప గీస్తుంది. నేను మా అమ్మని ఇలా తీసుకెళ్ళినప్పుడు చూశాను, ఆ ముగ్గు పడ్డాక అది ఆవిడ వాకిలి అయిపోయింది, ఎవరు చెప్పులతో తొక్కుతున్నారో కూడా చూసుకునేది.

రాత్రి భోజనాలయ్యాక తలెత్తి చూడమనండి. జనవరి మధ్యలో ఏడెనిమిది గంటలకి పిల్లలకోడి దాదాపు నడినెత్తిన ఉంటుంది, అదే కృత్తిక. మామూలు కంటికి ఆరు చుక్కలు గుంపుగా కనిపిస్తాయి. దానికి తూర్పుగా ఎర్రగా మెరిసేది రోహిణి, ఇంకా కిందకి దిగితే వరసగా మూడు చుక్కలు, వాటికి ఎడమ పక్కన ఎర్రటి చుక్క ఆరుద్ర. మీ మావయ్యగారికి కార్తెల పేర్లన్నీ నోటికి వచ్చే ఉంటాయి, ఆ పేర్లున్న నక్షత్రాలివే అని బాబుకి చూపించమనండి. పట్నం వెలుగులో ఇవి ఇంత బాగా కనిపించవు, కాబట్టి ఫోన్లు లోపల పెట్టేయండి.

ఒక చిన్న బహుమతి మాత్రం దాచిపెట్టి రెండో సాయంత్రానికే తీయండి. మొదటి రోజు అన్నీ కొత్తే, ఏమీ అక్కర్లేదు. రెండో సాయంత్రానికి ఆ కొత్త తగ్గి, ఇంటికి ఎప్పుడు వెళ్తాం అని మొదలవుతుంది.

బెజవాడ బాటసారి:

అందరూ బాగా చెప్పారు కానీ నాకు ఒక అభ్యంతరం ఉందండి. ఫిల్టరు, రబ్బరు సంచి, ముగ్గు, గవ్వలు, డబ్బాలు, పళ్ళేలు అంటూ ఇల్లంతా మోసుకుపోతే ఇక తోటకి వెళ్ళడం ఎందుకు? నేను మారేడుమిల్లి అడవి వైపు స్నేహితులతో వెళ్తుంటాను, వీపు మీద ఒక సంచి, అంతే. కష్టపడితేనే ఆ నిద్ర, ఆ ఆకలి తెలుస్తాయి. ఇంకో సంగతి, ఈ సౌకర్యాలన్నీ చివరికి ఒకరి చేతి మీదే నడుస్తాయి. ఐదింటికి కాఫీ ఎవరు కలుపుతారు? మూడింటికి తీపి ఎవరు తీసి పెడతారు? ప్రశ్న అడిగిన ఆవిడే. అందరి గంటలూ లెక్కేశారు, ఆవిడ గంట ఏది?

పాలకొల్లు పిన్ని:

బాబూ, నీ మొదటి మాట నేను ఒప్పుకోను. పాతికేళ్ళ కుర్రాళ్ళు నలుగురు వెళ్ళడం వేరు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ, నాలుగేళ్ళ పిల్ల వెళ్ళడం వేరు. ఆవిడ రాత్రంతా చలికి ముడుచుకుని పడుకుంటే మర్నాడు గోదారి ఎంత అందంగా ఉన్నా చూడబుద్ధి కాదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే ఆ మాత్రం మొయ్యాల్సిందే.

నీ రెండో మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం, నేనే చెప్పి ఉండాల్సింది.

అమ్మాయ్, విను. మొదటి రోజు అక్కడ పొయ్యి వెలిగించకు, కాఫీకి తప్ప. ఇంట్లోనే చింతపండు పులిహోర నూనె కాస్త ఎక్కువ వేసి కలుపుకో, మధ్యాహ్నానికీ రాత్రికీ అదే, పక్కన పెరుగు, ఊరమిరపకాయలు. కొబ్బరన్నం లాంటివి వద్దు, త్వరగా పాడవుతాయి. మర్నాడు పొద్దున్నకి పొట్టిక్కలు. ఇంట్లో ఇడ్లీ పిండి పనసాకు బుట్టల్లో పోసి ఉడికించి ఆ బుట్టలతోనే పట్టుకుపోతే చలికాలంలో పొద్దుటి వరకూ మెత్తగా ఉంటాయి, పిల్లలు బుట్ట విప్పుకుని తింటారు. నంచుకోడానికి కారప్పొడి, నెయ్యి. చట్నీ అనుకోకు, కొబ్బరి చట్నీ రాత్రికే పులిసిపోతుంది.

రెండో రోజు వంట మగవాళ్ళది అని బయల్దేరే ముందే అందరి ముందూ చెప్పెయ్. పెద్ద వంటలక్కర్లేదు. చిలకడదుంపలు నివురులో పెట్టి కాలుస్తారు, అన్నం వండి ఆవకాయ, నెయ్యి, పప్పుచారు చేస్తారు, అది చాలు. ఇంకాస్త ఓపికుంటే దిబ్బరొట్టి. రుబ్బిన పిండి డబ్బాలో పట్టుకెళ్తే, ఆ చలికి అంత తొందరగా పులవదు. మందపాటి గిన్నెలో నూనె పోసి పిండి వేసి, మూత మీద కూడా నాలుగు నిప్పులు పెట్టి సన్నసెగ మీద వదిలేస్తే పైనా కిందా ఎర్రగా కాలుతుంది. చెరకు పానకంలో ముంచుకుని తింటే వేరే స్వీటు అక్కర్లేదు. పానకం సీసా మూత చూసుకో, కారితే సంచంతా జిగురే.

ఇక నీ గంట. నీకేం ఇష్టమో నాకు తెలియదు కానీ ఒక మడత కుర్చీ నీ పేరు మీద పెట్టుకో. అత్తయ్యగారికి ఎలాగూ ఒకటి కావాలి, రెండోది నీది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట నువ్వు అందులో కూర్చుని గోదారి కేసి చూస్తూ ఉంటావు, ఎవరూ పిలవకూడదు. పిల్లల్ని మీ ఆయన తోట చుట్టూ తిప్పుకొస్తాడు.

భీమవరం అమ్మాయి:

పిన్నిగారూ, ఇది చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను. నా గంట గురించి నేను ఆలోచించనే లేదు. మా వారికి చూపించాను, రెండో రోజు వంట తనదే అన్నారు, దిబ్బరొట్టి కూడా చేస్తారట. మావయ్యగారు చుక్కల సంగతి వినగానే బాబుని కూర్చోబెట్టి కార్తెలు చెప్పడం మొదలుపెట్టేశారు. పెదనాన్నగారికి ఫోన్ చేశాం, గడ్డి మోపులు, దింపు రెండూ చూసుకుంటానన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, పాపకి పూతరేకులంటే ప్రాణం, ఆత్రేయపురం నుంచి తెప్పించినవి ఉన్నాయి. అవి తీసుకెళ్ళొచ్చా? కాజాలు కూడా అనుకుంటున్నాం. రెండు, అత్తయ్యగారికి రాత్రి బాత్‌రూం ఎలా? తోటలో మోటారు షెడ్డు పక్కన ఒక గది ఉంది కానీ టెంట్ల నుంచి దూరం, ఆవిడ చీకట్లో అంత దూరం నడవలేరు, అడగడానికి మొహమాటపడి నీళ్ళు తాగడం మానేస్తారు. నాకు ఇదే ఎక్కువ బెంగ.

అమలాపురం నర్సు:

రెండోదానికి నేను చెప్తానండి, ఇది మొహమాటపడాల్సిన విషయమే కాదు. మడత కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొందరు అద్దెకి కూడా ఇస్తారు. టెంటుకి నాలుగడుగుల దూరంలో మూడు వెదురు గడలు పాతి చుట్టూ పాత చీర కట్టేసి లోపల ఆ కుర్చీ, బకెట్టు, మగ్గు, సబ్బు పెట్టండి. టెంట్ గుమ్మం నుంచి అక్కడి వరకు నడుమెత్తున ఒక తాడు కట్టండి, పట్టుకుని నడుస్తారు. తాడుకి మధ్యలో సోలార్ లైటు చిన్నది వేలాడదీయండి. చీకటి పడకముందే ఆవిడని ఒకసారి తీసుకెళ్ళి చూపించండి, ఇది మీకోసమే కాదు, పాపకి కూడా అని చెప్పండి, అప్పుడు ఆవిడ మొహమాటపడరు.

నీళ్ళు తాగడం మానేయనివ్వకండి. రాత్రి భయానికి పగలంతా నోరు ఎండబెట్టుకుని పెద్దవాళ్ళు నీరసపడతారు, కళ్ళు తిరుగుతాయి. ఆవిడ సీసా వేరే పెట్టి మధ్యాహ్నం లోపే ఖాళీ అయ్యేలా చూడండి. బీపీ, షుగర్ బిళ్ళలు ఉంటే రెండు రోజులవి ఎక్కువే పెట్టుకోండి. షుగర్ ఉంటే తీపి డబ్బా పక్కన వేయించిన శనగలు, వేరుశనక్కాయలు కూడా ఉండాలి, అందరూ తింటుంటే ఆవిడ ఒక్కరే చేతులు కట్టుకుని కూర్చోకూడదు కదా. మోకాళ్ళకి రోజూ రాసుకునే నూనె ఏదైతే అదే తీసుకెళ్ళండి.

పాలకొల్లు పిన్ని:

పూతరేకులు నిక్షేపంగా తీసుకెళ్ళు, కానీ సంచిలో అన్నిటికంటే పైన, గట్టి డబ్బాలో. అటూ ఇటూ కదలకుండా సందుల్లో కాగితం కూరు. ఆ రేకు గాలిలో తేమని ఇట్టే పీల్చేస్తుంది, మంచులో మూత తీశావంటే మెత్తబడి సాగుతుంది, కరకర ఉండదు. కాబట్టి పొద్దునా రాత్రీ ఆ డబ్బా ముట్టుకోకు, మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు తీసి, ఎంతమందికి కావాలో అన్నీ ఒక్కసారే పంచి మూత వేసెయ్. పిల్లలు కొట్టుకునే మూడు గంటలకి ఇది సరిగ్గా సరిపోతుంది.

కాజాల్లో తాపేశ్వరం మడతకాజా అయితే కాస్త పొడిగా ఉంటుంది, ప్రయాణానికి అదే మంచిది. కాకినాడ గొట్టంకాజా లోపలంతా పాకం, ఎక్కడైనా చితికిందంటే చీమలకి పండగ. అది తినాలనుంటే ఇంట్లోనే తినేసి వెళ్ళండి. మీరు వెళ్ళే దారికి మోరి దగ్గరే కదా, జీడిపప్పు అక్కడ కొనుక్కో, కాస్త నెయ్యిలో వేయించి ఉప్పు, మిరియాలపొడి చల్లితే చలిమంట దగ్గరికి అంతకంటే ఏం కావాలి. తేగలు కూడా ఇప్పుడు వస్తాయి, తంపట పెట్టినవే కొను, పచ్చివి అక్కడ కాల్చుకుంటూ కూర్చుంటే చాలాసేపు పడుతుంది.

లంక రైతు:

భీమవరం నుంచి అంటున్నారు కాబట్టి ఇంకో మాటండి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ రావచ్చు, లేదా నర్సాపురం రేవు నుంచి పంటు, అంటే బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కి సఖినేటిపల్లిలో దిగొచ్చు. పిల్లలకి పంటు మీద గోదారి దాటడం చాలా సరదాగా ఉంటుంది, వెళ్ళేటప్పుడైనా వచ్చేటప్పుడైనా ఒక్కసారి ఎక్కించండి. పండగ తర్వాత రద్దీగా ఉంటుంది, ముందు రోజు రేవులో తెలిసినవాళ్ళని కనుక్కుని బయల్దేరండి, నీళ్ళు బాగా తగ్గినప్పుడు పంటు ఆలస్యం అవుతూ ఉంటుంది. పొద్దుపోయాక మాత్రం రాకండి, వెలుగుండగానే టెంట్లు వేసుకోవాలి. గడ్డి ఇంకో మోపు ఎక్కువే వేయించమని మీ పెదనాన్నగారికి చెప్పండి, ఆరుగురికి రెండు మోపులు సరిపోవు.